ఈల మోగింది, వాడ కదిలిందా? – బర్రెలక్క ప్రచారం మన ముందు పెట్టిన ప్రశ్నలు

2023 డిసెంబరు 3న తెలంగాణ శాసనసభ ఎన్నికల ఓట్లు లెక్కపెట్టారు. నాగర్‌కర్నూల్ జిల్లా కొల్లాపూర్ నియోజకవర్గంలో ఈల గుర్తు మీద స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డ కర్నె శిరీషకు 5,754 ఓట్లు వచ్చాయి. నాలుగో స్థానం. అంతకుముందు నెల రోజులపాటు తెలుగువాళ్ళు ఎక్కడుంటే అక్కడ, హైదరాబాదు హాస్టళ్ళ నుంచి గల్ఫ్ లేబర్ క్యాంపుల దాకా, ఫోన్ తెరిస్తే ఆమె మొహమే. పార్టీ లేదు, పైసలు లేవు, కులబలం లేదు. అయినా పెద్ద పెద్ద నాయకుల పేర్ల పక్కన ఆమె పేరు నిలబడింది. అసలు పేరుతో గాదు, బర్రెలక్క అనే పేరుతో.

ఫలితం వచ్చిన సాయంత్రమే రెండు రకాల మాటలు మొదలైనాయి. మొదటిది వెక్కిరింత. లైకులు వేరు, ఓట్లు వేరు, ఇప్పటికైనా తెలిసొచ్చిందా అని. రెండోది మెచ్చుకోలు. ఒక పేదింటి ఆడపిల్ల సెల్‌ఫోన్‌తో ఇంత దూరం వచ్చింది, ఇక రాజకీయాలకు డబ్బు అక్కర్లేదు, ప్రజాస్వామ్యం అరచేతిలోకి వచ్చేసింది అని. వెక్కిరించేవాళ్ళ సంగతి మనకు కొత్త గాదు. మనం బడికి పోయినప్పుడూ నవ్వారు, పంచాయతీ కుర్చీలో కూచున్నప్పుడూ నవ్వారు. మనం తేల్చుకోవాల్సింది రెండో మాటతో. ఎందుకంటే ఆ మాట మన విద్యార్థులూ మన కార్యకర్తలూ కూడా అంటున్నారు. అంటూ, వాడలో తాము చెయ్యాల్సిన పనిని ఫోన్‌కు అప్పజెప్తున్నారు.

అందుకని శిరీష ప్రచారాన్ని ఒక రచనను చదివినట్టు చదవాల. అందులో ఏముంది, ఎవరు దాన్ని ఎట్లా చదువుకున్నారు, చదువుతూ ఏం వదిలేశారు అని చూడాల. ఆమెను తప్పుపట్టడానికి గాదు ఈ వ్యాసం. ఆమె నిలబడింది. నిలబడకుండా ఫోన్ చూస్తూ కూచున్న మనల్ని మనం అడుగుకోవడానికి.

నవ్వులో ఉన్న కులం

మొదట ఆ వీడియో సంగతి. 2021 నాటిది. బర్రెల్ని మేపుకుంటూ ఒక అమ్మాయి ఫోన్‌లోకి చూసి మాట్లాడుతుంది. డిగ్రీ చదివానని, ఉద్యోగాల నోటిఫికేషన్లు మాత్రం రావడం లేదని, అందుకని నాలుగు బర్రెలు కొనుక్కున్నానని చెప్తుంది. అంతే. లక్షల మంది చూశారు, నవ్వారు, ఇంకొకరికి పంపారు.

ఆ నవ్వు ఎక్కడ పుట్టింది? డిగ్రీకీ బర్రెకూ మధ్య ఉన్న దూరంలో పుట్టింది. బర్రెలు కాయడం తక్కువ పని, చదువుకున్నవాళ్ళు చెయ్యకూడని పని అన్న భావం చూసేవాడి బుర్రలో ముందే ఉంటేనే ఆ నవ్వు వస్తుంది. ఆ భావం ఎక్కడిది? పనిని బట్టి మనిషికి విలువ కట్టిన కులవ్యవస్థది. కంచ ఐలయ్య 'బఫెలో నేషనలిజం' పుస్తకం తెచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఆవుకు పూజలు, పాలిచ్చే నల్ల బర్రెకు చిన్నచూపు ఎందుకని ఆయన అడిగాడు. ఆ ప్రశ్నను వాడవాడలా మళ్ళీ అడగడానికి ఇంతకంటే మంచి సందర్భం ఏముంటుంది? మనం మాత్రం నవ్వుతున్న బొమ్మ ఒకటి నొక్కి ముందుకు జరిగినాం.

ఇంకో సంగతి. ఆ వీడియో అందరికీ ఒకే వీడియో గాదు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న భూమి ఉన్న కులపు పిల్లవాడికి అది నోటిఫికేషన్ల కథ. ఉద్యోగం రాకపోతే వాడు తిరిగిపోవడానికి ఊళ్ళో పొలముంది, ఇల్లుంది, మర్యాద ఉంది. వాడ నుంచి మొదటిసారి డిగ్రీ దాకా వచ్చిన పిల్లకు అది వెనక్కి నెట్టేసిన కథ. మన తాతలు ఎంతమంది దొరల దగ్గర జీతాలుండి పశువుల్ని కాయలేదు? ఆ తాడు వదిలించుకోవడానికే గదా చదువు. చదువు పూర్తయినాక మళ్ళీ అదే తాడు చేతికొస్తే, ఈసారి బర్రెలు సొంతానివే అయినా, నవ్వు రాదు.

ఆ వీడియోలో ఉన్న కోపం ఊరికే పుట్టింది గాదు. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. కొత్త రాష్ట్రంలో మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో. ఆ పరీక్ష ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో రద్దయింది. జూన్‌లో మళ్ళీ పెడితే దాన్నీ సెప్టెంబరులో హైకోర్టు రద్దు చేసింది. నియామకాల కోసం తెచ్చుకున్న రాష్ట్రంలో నియామకాల గతి ఇది. ఈ కోపాన్ని శిరీష ముందుగానే చెప్పింది. చెప్పినందుకు ఆమె మీద పోలీసు కేసు కూడా నమోదైంది.

కానీ జనం ఆ వీడియోలోంచి నిరుద్యోగాన్ని తీసుకున్నారు, కులాన్ని కిందపెట్టేశారు. పేదింటి బిడ్డ, మన ఇంటి ఆడపిల్ల, అక్క. రీళ్ళ నిండా ఈ మాటలే. దళిత యువతి అన్న మాట ఎక్కడో తప్ప వినపడలేదు. ఇందులో అన్యాయం ఏమిటంటారా? కొల్లాపూర్ జనరల్ సీటు. తెలంగాణలో 119 సీట్లుంటే ఎస్సీలకు రిజర్వు చేసినవి 19. దళితులు పోటీ చెయ్యాల్సింది ఆ 19లోనే అని చెప్పకుండానే పార్టీలన్నీ గీత గీసినాయి. ఆ గీత దాటి, ఒకప్పుడు సురభి వెలమ రాజులు ఏలిన సంస్థానం గడ్డ మీద, ఒక దళిత ఆడపిల్ల జనరల్ సీటుకు నామినేషన్ వేసింది. మనకు అసలు వార్త ఇది. ఈ వార్తను ఫోన్ మోయలేదు. మోయమని మనం అడగనూ లేదు.

గోడ, డప్పు, పాట

ఫోన్ రాకముందు ఎన్నికల ప్రచారం ఎవరు చేశారు? ఉపన్యాసాలు వాళ్ళవి, సరే. గోడకు సున్నం కొట్టి అక్షరాలు రాసినవాడు, రాత్రంతా మేలుకుని పోస్టర్లు అంటించినవాడు, జెండా మోసినవాడు, ఊరేగింపు ముందు డప్పు కొట్టినవాడు, వేదిక మీద గజ్జె కట్టి పాడినవాడు ఎవరు? 1982లో ఎన్.టి.రామారావు చైతన్యరథం మీద తిరిగితే, రథం వచ్చే దారిలో జనాన్ని పోగేసింది ఎవరి డప్పు? తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల్ని నిలబెట్టిన గొంతుల్లో మన వాడల గొంతులు ఎన్ని? రాష్ట్రం వస్తే దళితుడే ముఖ్యమంత్రి అన్న మాట 2014లో ఏమైందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ కాలాన్ని తల్చుకుని మురిసిపొమ్మని నేననడం లేదు. ఆ డప్పు చాలాసార్లు వెట్టి డప్పు. కూలికీ సారాకూ కొట్టించిన డప్పు. అయితే ఆ పద్ధతిలో ఒక మెలిక ఉంది. ఓటు కావాలంటే నాయకుడు వాడకు రావాల. వచ్చి వాడ నడుమ నిలబడాల. అప్పుడు ఒక ముసలమ్మ లేచి నీళ్ళ సంగతేంది, శ్మశానం సంగతేంది అని అడుగుతుంది. పదిమంది వింటారు. వాడు ఇచ్చిన మాటకు వాడంతా సాక్షి. మాట నిలబెట్టుకున్నాడా లేదా అన్నది తర్వాతి సంగతి. అడగడానికి ఒక చోటుంది, విన్నవాళ్ళున్నారు.

మన డప్పు మనకోసం కొట్టుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపితే, చీరాల శిబిరం నుంచి ఆ వార్త కరపత్రంగా, పాటగా, కాలినడకన ఊరూరూ తిరిగింది. ఆ సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. పేరులోనే చాటింపు ఉంది చూడండి. ఊరి పెద్దల కబురు చాటడానికి మనచేత కొట్టించిన దండోరాను మన కబురు చాటడానికి మనమే చేతుల్లోకి తీసుకున్నాం. ముప్ఫై ఏళ్ళు కొట్టినాక, 2024 ఆగస్టు 1న, ఎస్సీల్ని వర్గీకరించే అధికారం రాష్ట్రాలకు ఉందని సుప్రీంకోర్టు చెప్పింది. వర్గీకరణ మీద మాల మాదిగల మధ్య ఎంత వాదన ఉన్నా ఒక సంగతి ఇద్దరూ ఒప్పుకోవాల. ఆ కబురు మోసినవాళ్ళు కబురు చెప్పి వెళ్ళిపోలేదు. పోయిన ఊళ్ళో కూచున్నారు, మాట్లాడారు, కమిటీ వేసుకుని వచ్చారు.

అట్లాగని జనం వచ్చిన ప్రతిచోటా ఓట్లు రాలలేదు. అదే 1994 చివర్లో జరిగిన ఆంధ్రప్రదేశ్ ఎన్నికల్లో బహుజన సమాజ్ పార్టీ మీద మనవాళ్ళు పెట్టుకున్న ఆశ ఇంతా అంతా గాదు. కాన్షీరాం సభలు చూసినవాళ్ళు రాజ్యాధికారం గుమ్మంలోకి వచ్చిందనుకున్నారు. ఒక్క సీటూ రాలేదు. కాబట్టి చూడటానికీ ఓటెయ్యడానికీ మధ్య దూరాన్ని ఫోన్ కనిపెట్టలేదు. ఫోన్ దాన్ని కొన్ని వందల రెట్లు పెంచింది.

చూసేవాడికి ఊరు లేదు

ఫోన్ వల్ల శిరీషకు ఏం ఒరిగిందో మొదట ఒప్పుకుందాం. శాసనసభకు పోటీ చేసే ఎస్సీ అభ్యర్థి కట్టాల్సిన ధరావతు 5,000 రూపాయలు. చట్టం ఒప్పుకునే ఖర్చు 40 లక్షల దాకా. అసలు ఖర్చు ఎంతో ఊళ్ళో చిన్నపిల్లవాణ్ణి అడిగినా చెప్తాడు. 5,000కూ ఆ ఖర్చుకూ మధ్య ఉన్న గోతిని దాటలేకనే మనవాళ్ళు ఎవరో ఒక దొర గుమ్మం ముందు టికెట్టు కోసం నిలబడతారు. శిరీష ఎవరి గుమ్మం ముందూ నిలబడలేదు. యానాం మాజీ మంత్రి మల్లాడి కృష్ణారావు లక్ష రూపాయలు పంపారు. సీబీఐ మాజీ అధికారి లక్ష్మీనారాయణ వచ్చి ఆమె తరఫున ప్రచారం చేశారు. ఎక్కడెక్కడి నుంచో పిల్లలు వచ్చి వెంట నడిచారు.

2023 నవంబరులో, ప్రచారం జరుగుతుండగానే, ఆమె తమ్ముడి మీద దాడి జరిగింది. గంటల్లో అది రాష్ట్రమంతా తెలిసింది. ఆమెకు భద్రత ఇవ్వమని హైకోర్టు ఆదేశించింది. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళను ఎనిమిది మందిని నరికి గోతాల్లో కుక్కి కాలవలో వేస్తే, శవాలు బయటపడేదాకా లోకానికి తెలియలేదు. ఆ రోజు ఎవరి చేతిలోనైనా ఫోన్ ఉంటే అన్న ఆలోచన రాని దళితుడు ఉండడు. ఈ ఒక్క కారణం చాలు, ఫోన్‌ను మనం వదులుకోగూడదని చెప్పడానికి.

మరి ఓట్లెందుకు రాలేదు? చూసేవాడికి ఊరు లేదు. ఓటేసేవాడికి ఉంది. అనంతపురంలో కూచుని, డల్లాస్‌లో కూచుని ఈల బొమ్మ పంచుకున్నవాడికి మర్నాడు పొద్దున కొల్లాపూర్ వైపు ఊళ్ళో సర్పంచి మొహం చూడాల్సిన పని లేదు. వాడలో ఉన్న మనిషికి ఉంది. పింఛను, ఇల్లు, కూలి, అప్పు, అన్నీ ఆ ఊళ్ళోనే, ఆ చేతుల్లోనే. ఓటు రహస్యమే గదా అంటారు. మనిషి ఓటు రహస్యం. వాడ ఓటు గాదు. ఏ బూతులో ఎవరికెన్ని పడ్డాయో లెక్క బయటికొస్తుంది. వాడకంతా ఒకటే బూతు అయితే వాడ ఎటు వేసిందో రచ్చబండ మీద చదువుకోవచ్చు. ఈ భయాన్ని తీసెయ్యడానికి ఎన్ని రీళ్ళు కావాల? ఎన్నయినా చాలవు. ఒక మనిషి వచ్చి, ఆ ఇంట్లో కూచుని, ఏమైనా అయితే మేమున్నామని చెప్పాల. చెప్పిన మనిషి ఎన్నికల తర్వాత కూడా కనపడాల. అట్లాంటి మనుషులు ఆ నెలరోజుల్లో పుట్టరు.

పైగా ఇది పాలమూరు గడ్డ. శ్రీశైలం నీళ్ళు కొల్లాపూర్ వైపు ఊళ్ళను ముంచినాయి. మునగని ఊళ్ళ నుంచి కూడా జనం వలసపోయారు. ఓటు ఇక్కడ, ఒళ్ళు బొంబాయిలో, చూపు ఫోన్‌లో. చూపును కలిపినంత తేలిగ్గా ఒంటిని ఊరికి రప్పించలేం. రప్పించే బండ్లూ చార్జీలూ ఎవరి దగ్గరుంటాయో మనకు తెలుసు.

చివరికి నిరుద్యోగుల కోపం ఏమైంది? వృథా పోలేదు. ప్రభుత్వాన్ని దించేసింది. కాంగ్రెసుకు 64 సీట్లు వచ్చాయి. కొల్లాపూర్‌లో అంతకుముందు ఎన్నోసార్లు గెలిచిన జూపల్లి కృష్ణారావు మళ్ళీ గెలిచి మంత్రి అయ్యారు. నాటు మనది, కోత వాళ్ళది. పొలంలో జరిగేదే ఫోన్‌లోనూ జరిగింది.

వాళ్ళ ఫోన్‌లో మనం ఎవరం?

ఇంతవరకు మన చేతిలో ఫోన్ గురించి మాట్లాడినాం. పార్టీల చేతిలో ఉన్న ఫోన్ వేరే. మన ఫోన్‌లో వీడియో ఉంటుంది. వాళ్ళ ఫోన్‌లో జాబితా ఉంటుంది.

ఇంటి నంబరు, ఫోన్ నంబరు, కులం, ఏ పథకం అందుతోంది, పోయినసారి ఎటు మొగ్గారు. ఈ జాబితా ఉన్నవాడికి వాడకు రావాల్సిన పని తగ్గుతుంది. 2019 ఎన్నికల ముందు తెలుగుదేశం పార్టీ సేవామిత్ర యాప్‌లో ఓటర్ల వివరాలు చేరాయన్న ఆరోపణతో తెలంగాణ పోలీసులు కేసు పెట్టారు. పార్టీ ఆ ఆరోపణను తోసిపుచ్చింది. ఎవరిది నిజమన్నది అటుంచండి. మన వివరాల కోసం ఆ స్థాయిలో గొడవ జరిగిందంటే అవి ఎంత విలువైనవో అర్థం చేసుకోవాల. ఆ ఎన్నికల్లో గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్ 2019 ఆగస్టు 15 నుంచి యాభై ఇళ్ళకొక వాలంటీరును పెట్టింది. రెండు లక్షలకు పైగా మనుషులు, ఒక్కొక్కరి చేతిలో ఫోన్, ఫోన్‌లో యాభై కుటుంబాలు. ఎన్నికల వేళ వాళ్ళను పింఛన్ల పంపిణీకి దూరంగా ఉంచమని 2024 మార్చిలో ఎన్నికల సంఘం చెప్పాల్సి వచ్చింది. ఆ ఏడాది 11 సీట్లతో ఆ పార్టీ ఓడింది, ఆ ఏర్పాటూ ఆగిపోయింది. కాబట్టి జాబితా ఉంటే గెలుపు ఖాయమని ఎవరూ అనలేరు. నేను చెప్పేది వేరు. గెలిచినా ఓడినా ఆ జాబితా వాడను ఏం చేసిందన్నది మన ప్రశ్న.

వాడను విడగొట్టింది. గోడమీద రాత అందరికీ ఒకటే కనపడేది. ఇప్పుడు పక్కపక్క ఇళ్ళకు వేరువేరు కబుర్లు వస్తాయి. నీకు ఇల్లు వచ్చింది అని ఒకరికి, నీకు రాకపోవడానికి కారణం ఫలానా వాళ్ళని ఇంకొకరికి. ముసలమ్మ లేచి అడగడానికి చోటు లేదు, ఎందుకంటే నాయకుడు ఆమె ఎదుట లేడు, ఆమె ఫోన్‌లో ఉన్నాడు. ఫోన్‌లో ఆయన చెప్తాడు, ఆమె వింటుంది. ఊరి వాట్సాప్ గుంపుల్లో అడ్మిన్ ఎవరో ఒకసారి చూడండి. ఒకప్పుడు రచ్చబండ ఎక్కనిచ్చేవాడు గాదు. ఇప్పుడు గుంపులోంచి తీసేస్తాడు. చెప్పు చేతబట్టుకుని పొమ్మనడం లేదు, అంతే.

ఈ జాబితాలో మనకున్న పేరు లబ్ధిదారు. దళితుడు అంటే హక్కు అడిగేవాడు. లబ్ధిదారు అంటే చెయ్యి చాచేవాడు. 1985 నుంచి మనం కష్టపడి సంపాదించుకున్న మాటను ఒక్క మీట నొక్కి మార్చేశారు.

ఫోన్ వెనక సంఘం

అయితే ఫోన్ మనకు పనికొచ్చిన రోజులు లేవా? ఉన్నాయి. 2016 జనవరి 17న హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రోహిత్ వేముల చనిపోయాడు. ఆయన రాసిన ఆఖరి ఉత్తరం తెల్లారేసరికి దేశమంతా చదివింది. ఉత్తరం ఫోన్లలోనే తిరిగింది. కానీ దాని వెనక 1993 నుంచి నడుస్తున్న అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఉంది. హాస్టల్ నుంచి గెంటేస్తే ఆ పిల్లలు వేసుకున్న వెలివాడ గుడారం ఉంది. అదే ఏడాది జులై 11న గుజరాత్ ఊనాలో చచ్చిన పశువు తోలు తీస్తున్న దళితుల్ని కట్టేసి కొట్టారు. కొట్టినవాళ్ళే గొప్పగా వీడియో తీసి పంచారు. వాళ్ళ అహంకారం మన సాక్ష్యమైంది. అయితే ఆ సాక్ష్యం ఉద్యమమైంది ఎప్పుడు? పశువుల కళేబరాలు ఇక ఎత్తమని మనుషులు ప్రమాణం చేసి, అహ్మదాబాదు నుంచి ఊనాకు నడిచినప్పుడు.

2018 ఏప్రిల్ 2 ఇంకా పెద్ద ఉదాహరణ. అట్రాసిటీల చట్టాన్ని నీరుగారుస్తూ సుప్రీంకోర్టు మార్చి 20న తీర్పిచ్చింది. పెద్ద పార్టీలేవీ కదలకముందే భారత్ బంద్ పిలుపు ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది. ఉత్తరాది పట్నాలు ఆగిపోయాయి. ప్రాణాలు పోయాయి, పోయినవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి పాత బలాన్ని తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. ఆ పిలుపు అందుకుని రోడ్డు మీదికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరుగా రాలేదు. బస్తీ సంఘాలుగా, ఉద్యోగ సంఘాలుగా, అంబేడ్కర్ జయంతి కమిటీలుగా వచ్చారు. కొల్లాపూర్‌లో శిరీష వెనక లేనిది అదే. అది లేకపోవడం ఆమె తప్పు గాదు. మన సంఘాలు ఎక్కడున్నాయి ఆ నెల రోజులు? ఏ సంఘమైనా పోయి, అమ్మా, నువ్వు మా అభ్యర్థివి, వాడవాడకూ మేం తిప్పుతాం అన్నదా?

మన గుంపుల్ని కూడా చూసుకుందాం. జై భీమ్ అని పొద్దున్నే ఒక బొమ్మ, రాత్రికి ఇంకొక బొమ్మ. మధ్యలో మాలలు మాదిగల్ని, మాదిగలు మాలల్ని తిట్టుకోవడం. వర్గీకరణ తీర్పు వచ్చిన రోజుల్లో ఆ గుంపుల్లో రాసుకున్న మాటలు చదివితే, బయటివాడు మనల్ని విడగొట్టాల్సిన పనే లేదనిపిస్తుంది. ఆడవాళ్ళు ఎన్ని గుంపులకు అడ్మిన్లు? బర్రెలక్కను అక్కా అన్న మగపిల్లల్లో ఎంతమంది తమ గుంపులో ఆడపిల్ల మాట వింటారు?

చెయ్యాల్సిన పని పెద్దదేం గాదు, కానీ రోజూ చెయ్యాలి. వాడ గుంపు అంటే నెలకొకసారి వాడలో కూచునే మీటింగుకు పిలుపు కావాల. పథకాల జాబితా ఎవరి ఫోన్‌లోనో దాక్కోకుండా, వాడ నడుమ పైకి చదివి వినిపించాల. నాయకుడు వచ్చి మాట ఇస్తే ఫోన్‌తో రికార్డు చెయ్యాల, ఏడాది తిరిగేసరికి అందర్నీ కూచోబెట్టి అదే మాట మళ్ళీ వినిపించాల. ముసలమ్మ అడిగిన ప్రశ్న ఆయన జవాబు కంటే ముందు రికార్డు కావాల. జనరల్ సీట్లో మన ఆడపిల్ల నిలబడతానంటే నామినేషన్‌కు నెల ముందు గాదు, మూడేళ్ళ ముందు ఆమె వెంట నడవాల.

అప్పటిదాకా మనం లక్షల్లో చూస్తాం, లక్షల్లో కనపడతాం. లెక్కపెట్టే రోజు వచ్చేసరికి 5,754 దగ్గర ఆగిపోతాం. ఆ 5,754 మంది మాత్రం నిజం. డబ్బు ఆశ లేకుండా, భయపడుతూనే, ఈల గుర్తు మీద నొక్కినవాళ్ళు. వాళ్ళెవరు, ఏ ఊళ్ళవాళ్ళు, ఏ వాడలవాళ్ళు? ఇన్నాళ్ళలో మన సంఘాల నుంచి ఎవరైనా పోయి వాళ్ళను కలిశారా? పని అక్కడినుంచి మొదలుపెట్టాల.